ఇంటి ముందు కృష్ణా నీళ్లు వస్తున్నా అమ్మ క్యాన్ నీళ్లే కావాలంటోంది. ఎవరి మాట కరెక్టు?

నల్లాకింద_బిందె

మాది నల్గొండ జిల్లా మునుగోడు వైపు ఊరు. నేను ఉద్యోగం వల్ల హైదరాబాద్‌లో ఉంటాను, అమ్మానాన్న ఊళ్లోనే. ఇంటి ముందు మిషన్ భగీరథ నల్లా (ఇంటింటికీ తాగునీళ్లిచ్చే ప్రభుత్వ పథకం) ఉంది, కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా అమ్మ రోజూ నీళ్లు శుద్ధి చేసి అమ్మే ఆర్వో ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ తెప్పించుకుంటుంది. నల్లా నీళ్లు బట్టలకు, గిన్నెలకు. వంటకు మాత్రం పెరట్లోని బోరు నీళ్లు. ఎందుకమ్మా అంటే "బోరు నీళ్లకు పప్పు రుచి వేరు, నల్లా నీళ్లు మందు వాసన" అంటుంది. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల మా పెదనాన్న నడుం వంగిపోయి చనిపోయాడు. అది కళ్లారా చూసిన మనిషే ఇలా అంటే నాకు అర్థం కావడం లేదు. మొన్న ఫోన్లో ఇద్దరం గట్టిగా వాదించుకున్నాం. ప్లాంటాయన ఇంటికొచ్చి ఏదో పెన్ను ముంచి "చూడమ్మా, మా నీళ్లు 30, నల్లా నీళ్లు 300" అని చూపించాడట. ఇక నా మాట ఎందుకు వింటుంది?

నీళ్ల సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. తాగడానికి ఏవి, వండడానికి ఏవి?

బత్తాయితోట

మీ ఇల్లే కాదు, మా మండలమంతా ఇంతే. నల్లా నీళ్లతో బర్రెల్ని కడుగుతారు, ఐదు రూపాయలు పెట్టి క్యాన్ కొంటారు. ఈ నీళ్ల కోసం మన పెద్దలు ధర్నాలు చేశారని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు.

చింతచిగురు

పప్పు రుచి దగ్గర అమ్మతో వాదించి గెలిచినవాడు ఇంతవరకు లేడు, వదిలెయ్ తమ్ముడూ.

ల్యాబ్‌కోటు

నీళ్లు పరీక్ష చేసే పనిలో చాలాకాలం ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఆ పెన్ను సంగతి. అది టీడీఎస్ మీటరు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో అంచనాగా చెబుతుంది. అందులో కాల్షియం ఎంత, ఉప్పు ఎంత, ఫ్లోరైడ్ ఎంత అనేది దానికి తెలియదు. టీడీఎస్ 600 ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ సున్నా ఉన్నా, 5 మిల్లీగ్రాములు ఉన్నా ఆ పెన్ను ఇంచుమించు అదే అంకె చూపిస్తుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే నీటి వసతి లేనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటారు. అంటే మీ నల్లాలో 300 రావడం శుభ్రమైన లెక్కే. ఫ్లోరైడ్‌కు పరిమితి 1 మిల్లీగ్రాము, గతిలేకపోతే 1.5. ఈ రెండు లెక్కలనూ ఒకదానితో ఒకటి కలపకూడదు. ప్లాంట్లవాళ్లు కలిపేది సరిగ్గా అక్కడే.

రెండోది, అసలు ప్రమాదం మీ ఇంట్లో వంట గిన్నెలో ఉంది. అన్నం ఉడికేటప్పుడు నీళ్లను పీల్చుకుంటుంది, పప్పు కూడా అంతే. తాగేది మంచి నీళ్లైనా వండేది బోరు నీళ్లైతే ఫ్లోరైడ్ కంచంలోకి వస్తుంది. అమ్మ క్యాన్ మానకపోయినా పరవాలేదు, వంటకు మాత్రం రేపటి నుంచి బోరు ఆపించండి.

నల్లాకింద_బిందె

వంట సంగతి నిజంగా ఎప్పుడూ ఆలోచించలేదు. మా ఇంట్లో అందరి గొడవా తాగే నీళ్ల గురించే.

సీమ_సూరీడు

కాచి చల్లార్చి తాగితే పోదా? మా అత్తగారింట్లో అదే చేస్తారు.

ల్యాబ్‌కోటు

@సీమ_సూరీడు పోదు. కాస్తే సూక్ష్మక్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ ఆవిరయ్యేది కాదు, నీళ్లే ఆవిరవుతాయి. గిన్నెలో మిగిలిన నీళ్లలో అది ఇంకాస్త చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ ఫిల్టరు కూడా దాన్ని ఆపలేవు. రాగి చెంబు గురించి అడగబోయేవాళ్లకు కూడా ఇదే జవాబు.

చింతచిగురు

రాగి చెంబు గురించే టైపు చేస్తున్నా. డిలీట్ చేశాను.

కనిగిరి_కంది

మీరంతా ఏ నీళ్లు మంచివి అని పంచాయితీ పెట్టుకున్నారు. మా దగ్గర కొన్ని ఊళ్లలో ఎండాకాలం ట్యాంకరు వస్తేనే నీళ్లు. డ్రమ్ములు వరసగా పెట్టుకుని కూర్చోవాలి. ఫ్లోరైడ్ అంటే అందరికీ నల్గొండే గుర్తొస్తుంది, ప్రకాశం జిల్లా ఎవరికీ పట్టదు. దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది మా వైపే అని మా సార్ ఒకాయన చెప్పేవారు. నిజమేనా?

పాతపేపర్

@కనిగిరి_కంది నిజమే. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ డాక్టర్లు దీని గురించి మొదటిసారి వైద్య పత్రికలో రాశారు. వాళ్లు చూసిన ఊళ్లు అప్పటి నెల్లూరు జిల్లాలోవి, దర్శి, పొదిలి ప్రాంతం. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా. మనుషుల కంటే ముందు ఎద్దులు కాళ్లు బిగుసుకుపోయి నాగలి లాగలేకపోవడం రైతులు గమనించారని చెబుతారు.

నల్గొండకు ఎక్కువ పేరు రావడానికి కారణం ఉద్యమం. 1996 లోక్‌సభ ఎన్నికల్లో తాగునీళ్ల కోసం పోరాడిన జల సాధన సమితి వాళ్లు వందల మందితో నామినేషన్లు వేయించారు. నల్గొండ సీటుకు మొత్తం 480 మంది పోటీలో ఉన్నారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు.

బత్తాయితోట

ఆ బ్యాలెట్‌లో గుర్తు వెతుక్కోలేక మా తాత తిట్టుకుంటూ ఇంటికొచ్చాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత 2003లో ఫ్లోరైడ్ బాధితుడు అంశాల స్వామిని తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయి గారి టేబుల్ మీదే కూర్చోబెట్టారు, ఫ్లోరైడ్ అంటే ఏంటో చూడమని. మర్రిగూడ మండలం శివన్నగూడెం మనిషి. 2023 జనవరిలో చనిపోయాడు. ఆయన ఫొటో చూసినవాళ్లెవరూ బోరు నీళ్లతో పప్పు వండరు.

నల్లాకింద_బిందె

మా అమ్మ ఫొటో కాదు, మనిషినే చూసింది. అయినా వండుతోంది. అందుకే కదా ఈ గోల.

ప్లాంటోడు

నేనూ ప్లాంటు నడిపేవాణ్నే, మా వైపు మాట కూడా వినండి. అందరూ మమ్మల్ని దొంగల్లా మాట్లాడుతున్నారు. ఊళ్లో మోటారు కాలి వారం నీళ్లు రాకపోతే ఎవరి దగ్గరికి వస్తారు? ట్యాంకు కడగక నాచు పట్టి నీళ్లు పచ్చగా వస్తే ఎవరి దగ్గరికి వస్తారు? పైపు పగిలితే మురుగు కలిసి వాంతులు పట్టుకున్న ఊళ్లు లేవా? క్యాన్ ఐదు రూపాయలకు ఇస్తున్నాం. అందులో కరెంటు బిల్లు, మెంబ్రేన్ (ఆర్వోలో నీళ్లను వడగట్టే పొర), ఆటో, కుర్రాడి జీతం అన్నీ పోవాలి. జనానికి మా మీద నమ్మకం ఊరికే రాలేదు.

ల్యాబ్‌కోటు

@ప్లాంటోడు నల్లా ఆగే సంగతి ఒప్పుకుంటా. జనం క్యాన్‌కు అలవాటు పడడానికి సగం కారణం అదే. కానీ మీరే చెప్పండి, మీ నీళ్లలో ఫ్లోరైడ్ చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారు? టీడీఎస్ కాదు, ఫ్లోరైడ్.

ప్లాంటోడు

ప్లాంటు పెట్టిన కొత్తలో చేయించాం. ఆర్వోకు ఫ్లోరైడ్ పోతుంది కదా, మళ్లీ మళ్లీ ఎందుకు?

ల్యాబ్‌కోటు

మెంబ్రేన్ బాగున్నంతకాలం పోతుంది, నూటికి తొంభై పాళ్లు పైనే ఆపుతుంది. మెంబ్రేన్ పాతబడితే ఆపడం తగ్గుతుంది. బోరులో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లో అలా తగ్గితే క్యాన్‌లోకి వచ్చేది తక్కువేం కాదు. ఇంకో సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఆర్వో నీళ్లు చప్పగా ఉంటాయని కొన్ని ప్లాంట్లలో రుచి కోసం బోరు నీళ్లు కొంచెం కలుపుతారు. వాల్వు ఎంత తిప్పాలో చూసేది ఆ టీడీఎస్ పెన్నుతోనే. ఆ కలిపిన బోరు నీళ్లతో పాటు ఏమొస్తుంది?

ప్లాంటోడు

నేను కలపను. కలిపేవాళ్లు ఉన్నారు, కాదనను.

చింతచిగురు

"నేను కలపను" అనే మాట పాలవాడి నోట విన్నా, ఇప్పుడు నీళ్లవాడి నోట వింటున్నా. పాలల్లో నీళ్లు కలిపే రోజులు పోయి నీళ్లల్లో నీళ్లు కలిపే రోజులు వచ్చాయి.

డల్లాస్‌లో_దోసె

ఈ థ్రెడ్ చదువుతుంటే తల తిరుగుతోంది. ఇక్కడ అమెరికాలో పళ్లు పుచ్చిపోకుండా నీళ్లలో ఫ్లోరైడ్ కావాలని కలుపుతారు! మా పాపకు డెంటిస్టు ఫ్లోరైడ్ పూత కూడా వేశాడు. మరి అక్కడ విషం అయింది ఇక్కడ మందెలా అయింది?

పళ్లడాక్టరు

మోతాదు వల్ల. అమెరికాలో నీళ్లలో కలపమని చెప్పే లెక్క లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. 1945లో గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్లో మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడా దీని మీద గొడవే, 2025లో యూటా రాష్ట్రం కలపడం నిషేధించింది. మన దగ్గర ఎవరూ కలపక్కర్లేదు, బోరే 3, 4 మిల్లీగ్రాములు పోస్తుంది. పైగా మన ఎండకు మనిషి తాగే నీళ్లు కూడా ఎక్కువ. పొలంలో పనిచేసే మనిషి రోజుకు తాగే నీళ్లను ఆఫీసులో ఏసీ కింద కూర్చునే మనిషితో పోల్చలేం.

గారపళ్ల గురించి ఒక మాట. పళ్ల పైపొర తయారయ్యేది సుమారు ఎనిమిదేళ్లలోపు. ఆ వయసులో ఎక్కువ ఫ్లోరైడ్ తాగితేనే పళ్ల మీద తెల్ల మచ్చలు, పసుపు గోధుమ చారలు వస్తాయి. పెద్దయ్యాక ఫ్లోరైడ్ ఊరికి కోడలిగా వెళ్లిన అమ్మాయికి పళ్లు బాగానే ఉంటాయి, ఎముకలు పాడవుతాయి. పళ్లు తెల్లగా ఉన్నాయి కదా, మాకేం కాలేదు అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

నల్లాకింద_బిందె

@పళ్లడాక్టరు అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. అది ఫ్లోరైడ్ వల్లా, వయసు వల్లా ఎలా తెలుస్తుంది?

పళ్లడాక్టరు

నేను పళ్ల డాక్టర్ని, ఎముకల విషయం ఆర్థో డాక్టరుకే చూపించాలి. ఇంట్లో చేయదగినవి మూడున్నాయి. గడ్డం ఛాతీకి ఆనించమనండి. రెండు చేతులూ తల వెనక కలపమనండి. మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు తాకమనండి. ఊళ్లలో సర్వేకు వెళ్లినప్పుడు కూడా ఇవే చూస్తారు. మెడ, నడుం బిగుసుకున్నట్టుంటే అనుమానించాలి. మోకాలు ఒక్కటే నొప్పి అయితే వయసు నొప్పే కావచ్చు. తేల్చుకోవాలంటే మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష, ముంజేతి ఎక్స్‌రే తీయిస్తారు.

చింతచిగురు

మూడోది నేనే చేయలేకపోయాను. నాది ఫ్లోరైడ్ కాదు, బిర్యానీ.

సీమ_సూరీడు

మా అనంతపురంలో కూడా ఫ్లోరైడ్ గట్టిగానే ఉండేది. 1995, 96లో సత్యసాయి ట్రస్టు వాళ్లు 700కు పైగా ఊళ్లకు పైపులు వేసి నీళ్లిచ్చారు. అప్పటి నుంచి పుట్టిన పిల్లల పళ్లు చూస్తే తేడా తెలుస్తుంది. అయితే పైపు వేయడం ఒక ఎత్తు, దాన్ని నడపడం ఇంకో ఎత్తు. పంపుహౌసులో మనుషులకు జీతాలు అందకపోతే నీళ్లు ఆగిపోతాయి. ప్రారంభోత్సవానికి వచ్చినంత మంది మరమ్మతుకు రారు.

ఉద్దానం_జీడి

ఫ్లోరైడ్ అయినా కారణం తెలిసిన జబ్బు, మీరు అదృష్టవంతులు. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీలు పోతున్నాయి, ఎందుకో ఇప్పటికీ తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు, పెయిన్ కిల్లర్లు అన్నారు. ఎంతమంది వచ్చి రక్తం తీసుకెళ్లారో లెక్కలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి తాగునీటి పథకం ప్రారంభించారు. కారణం తెలియకపోయినా నీళ్లు మార్చి చూద్దాం అన్నట్టుంది. మీకు కారణం తెలుసు, మంచి నీళ్లూ వచ్చాయి, అయినా వాటిని తాగం అంటున్నారు. వింతగా ఉంది.

బత్తాయితోట

@ఉద్దానం_జీడి అదృష్టం అనొద్దు అన్నా. ఒకసారి మర్రిగూడ వచ్చి చూడు.

ఉద్దానం_జీడి

తప్పుగా అనుకోకు. ఏది తాగకూడదో మీకు తెలుసు, మాకు అది కూడా తెలియదు అన్నాను.

పాతపేపర్

2020లో కేంద్రం తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు ఒక్కటీ లేవని ప్రకటించింది. 2015లో 967 ఉండేవి. చాలామంది దీన్ని "నల్గొండలో ఫ్లోరైడ్ పోయింది" అని చదువుకున్నారు. ఆ లెక్క మంచినీటి సరఫరా అందని ఊళ్లది. భూమిలో ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు. మన బోరు కింద రాయి అదే రాయి.

నల్లాకింద_బిందె

అమ్మ అచ్చం అదే అంది! "టీవీలో ఫ్లోరైడ్ పోయిందన్నారు కదరా, ఇంకా బోరు నీళ్లకేం" అని.

ల్యాబ్‌కోటు

రాయి సంగతి కాస్త చెప్పాలి. నల్గొండ అంతా గ్రానైట్ నేల. ఆ రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి. నీళ్లు రాళ్ల సందుల్లో ఎక్కువకాలం నిలిస్తే అది కరుగుతుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టేసి ఎక్కువ కరగనివ్వదు. కాల్షియం తక్కువ, సోడా గుణం ఎక్కువ ఉన్న నీళ్లలో బాగా కరుగుతుంది. అందుకే సబ్బు చక్కగా నురగ వచ్చే, నోటికి మెత్తగా ఉండే బోరు నీళ్లలో ఒక్కోసారి ఫ్లోరైడ్ ఎక్కువగా కనిపిస్తుంది. పప్పు త్వరగా ఉడికేది కూడా అలాంటి నీళ్లలోనే. ఫ్లోరైడ్‌కు రుచీ వాసనా లేవు, నాలుక పట్టలేదు.

ఎండాకాలం వచ్చేసరికి బోర్లు ఇంకా లోతుకు వేస్తాం. ఆ లోతు నీళ్లు రాళ్లతో ఎన్నేళ్లు కలిసి ఉన్నాయో! చెరువు నిండిన ఏడాది చెరువు కింది బావుల్లో ఫ్లోరైడ్ తగ్గుతుంది, కొత్త నీళ్లు కలిసి పలచబడుతుంది కాబట్టి.

నల్లాకింద_బిందె

అయితే అమ్మ మెచ్చుకునే పప్పు రుచి వెనక ఉన్నది అదా! ఇది చెబితే ఇంకా ఎక్కువ నచ్చుతుందేమోనని భయంగా ఉంది.

వానచుక్క

అందరూ కృష్ణా నీళ్లు, ఆర్వో నీళ్లు అంటున్నారు. వాన నీళ్లు ఎవరూ అనరేం? వానలో ఫ్లోరైడ్ ఉండదు. లెక్క వేయండి. వంద చదరపు మీటర్ల డాబా, ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన. అంటే 70 వేల లీటర్లు. మొదటి వానలు వదిలేసి, కొంత వృథా తీసేసినా 50 వేలు పట్టుకోవచ్చు. ఐదుగురికి తాగడానికి, వంటకు రోజుకు 50 లీటర్లు వేసుకుంటే ఏడాదికి 18 వేలు చాలు. కరెంటు లేదు, మెంబ్రేన్ లేదు, పారబోసే నీళ్లు లేవు.

బత్తాయితోట

లెక్క బాగుంది. వాన పడేది నాలుగు నెలలు. మిగతా ఎనిమిది నెలలకు 12 వేల లీటర్ల సంపు కావాలి. మా డాబా మీద మిరపకాయలు ఎండబెడతారు, కోతులు తిరుగుతాయి, పిల్లలు పటాకులు కాలుస్తారు. ఆ నీళ్లు అమ్మకు తాగించే దమ్ము నాకు లేదు.

వానచుక్క

సంపుకు ముందు ఇసుక, కంకర ఫిల్టరు కట్టాలి, క్లోరిన్ వేయాలి. డాబా మీద కోతులుంటాయని వాన నీళ్లొద్దంటున్నారు. ఊరి ట్యాంకు మూత తీసి ఉంటే అక్కడికి మాత్రం కోతులు ఎక్కవా?

చింతచిగురు

ఈ థ్రెడ్ చదివాక నేను నీళ్లే మానేస్తున్నా. మజ్జిగ.

పాతపేపర్

"నల్గొండ టెక్నిక్" గురించి ఎవరూ రాయలేదు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో తయారుచేసిన పద్ధతి. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి కలిపి తేర్చడమే. విదేశాల్లో కూడా వాడారు, మన జిల్లా పేరుతోనే. ఇప్పుడు ఎవరైనా చేస్తున్నారా?

ల్యాబ్‌కోటు

ఇళ్లలో చేసేవాళ్లు నాకు తగల్లేదు. పనిచేసే పద్ధతే, కానీ పటిక ఎంత వేయాలో నీళ్లను బట్టి మారుతుంది. బిందెకు ఇంత అని ఒకే లెక్క చెప్పలేం. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. అడుగున పేరుకున్న బురదను ఎక్కడ పోయాలో తెలియదు. యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లు వచ్చాయి, అవీ ఫ్లోరైడ్‌ను బాగానే పట్టేవి. కొంతకాలానికి నిండిపోతాయి, కాస్టిక్ సోడాతో, ఆమ్లంతో కడిగి మళ్లీ సిద్ధం చేయాలి. ఆ పని చేసే మనిషి ఊళ్లో లేక చాలాచోట్ల మూలపడ్డాయి.

కనిగిరి_కంది

ఆర్వో ప్లాంట్లు పారబోసే నీళ్ల గురించి కూడా మాట్లాడండి. మా ఊళ్లో ప్లాంటు వెనక గుంటలోకి వదిలేస్తారు. అది ఇంకి మళ్లీ అదే బోరులోకి పోదా?

ల్యాబ్‌కోటు

లీటరు మంచి నీటికి రెండు మూడు లీటర్లు బయటికి పోయే ఇంటి మిషన్లు చాలా ఉన్నాయి, ఊరి ప్లాంటు కాస్త నయం. ఆ పోయే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. గుంటలో వదిలితే ఇంకేది కిందికే. టీడీఎస్ 500 లోపు ఉన్న నీళ్లకు ఆర్వో వద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది కూడా. కృష్ణా నీళ్లు వచ్చే ఇంట్లో ఆర్వో పెట్టుకోవడమంటే మంచి నీళ్లను డ్రైనేజీలో పోసుకోవడం. హైదరాబాద్‌లో ఉన్నావు కదా @నల్లాకింద_బిందె, మీ నగరానికి వచ్చే కృష్ణా నీళ్లు కూడా అక్కంపల్లి రిజర్వాయరు నుంచే. అమ్మకు ఆ మాట చెప్పు.

ఇంకొకటి, ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతంలో ఒంటికి కాల్షియం బాగా అందాలి. ఆర్వో నీళ్లలో ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియం కూడా పోతుంది. పాలు, రాగులు, ఆకుకూరలు సరిగ్గా తినని ఇంట్లో అది కూడా నష్టమే.

బత్తాయితోట

చింతపండు ఫ్లోరైడ్‌ను బయటికి పంపుతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది కూడా రాగి చెంబు లాంటిదేనా?

పళ్లడాక్టరు

వాట్సాప్‌లో వచ్చింది కాబట్టి అబద్ధం అనుకుంటాం గానీ, దీనికి ఆధారం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు బడి పిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూశారు, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా పోయింది. 2002లో ప్రచురించారు. అలాగని చింతపండు తిని బోరు నీళ్లు తాగొచ్చని కాదు. ఒకసారి వంగిన ఎముకను చారు నిటారు చేయలేదు.

చింతచిగురు

నా పేరు చూసి కూడా ఇంతసేపు నన్నెవరూ పిలవలేదు. ఇదేనా మీ మర్యాద?

ప్లాంటోడు

క్లోరిన్ వాసన గురించి ఎవరూ జవాబు చెప్పలేదు. జనం నల్లా నీళ్లు తాగకపోవడానికి అసలు కారణం అదే. మా దగ్గరికొచ్చే పదిమందిలో ఎనిమిది మంది వాసనే అంటారు.

వానచుక్క

మూత తీసిన బిందెలో పట్టి పెట్టుకుంటే కొన్ని గంటలకు వాసన తగ్గుతుంది. సాయంత్రం పట్టినవి పొద్దున్నకు మామూలుగా ఉంటాయి. పల్చటి గుడ్డ కప్పితే చాలు. అసలు వాసనే లేని నల్లా నీళ్లను చూసి అనుమానపడాలి, క్లోరిన్ వేయలేదేమో అని.

బత్తాయితోట

మట్టికుండలో పోస్తే ఇంకా బాగుంటుంది. మా ఇంట్లో ఈ ఎండాకాలం నుంచి అలాగే తాగుతున్నాం, క్యాన్ మాన్పించాను. పైసల కోసం కాదు, ఆ క్యాన్ లోపల చెయ్యి పెట్టి ఎప్పుడైనా తడిమి చూడండి, జిగురుగా ఉంటుంది.

ప్లాంటోడు

క్యాన్లు మీరే బాత్రూమ్‌లో వాడి తెచ్చిస్తారు, మళ్లీ మమ్మల్నే అంటారు.

నల్లాకింద_బిందె

ఈ వారం ఊరికి వెళ్లాను. పంచాయతీలో నీళ్ల పరీక్ష కిట్టు ఉందని ల్యాబ్‌కోటు గారు మెసేజ్‌లో చెబితే అడిగాను. స్వయం సహాయక సంఘంలో ఒక అక్కకు అది వాడడం నేర్పారట, ఆమే ఇంటికొచ్చింది. మూడు గాజు గొట్టాల్లో మూడు నీళ్లు పోసి మందు చుక్కలు వేసింది. నల్లా నీళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి. క్యాన్ నీళ్లూ గులాబీయే. బోరు నీళ్లు పసుపు పచ్చగా మారాయి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. ప్లాంటాయన పెన్ను కంటే ఈ రంగే బాగా పనిచేసింది.

వంటకు బోరు మానేసింది. తాగడానికి మాత్రం ఇంకా క్యానే. "నల్లా ఎప్పుడు ఆగుతుందో తెలియదు, ప్లాంటు పిల్లాడు ఫోన్ చేస్తే వస్తాడు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. @ప్లాంటోడు మీరు చెప్పిన మాటే.

ల్యాబ్‌కోటు

అది చాలు. కిట్టు రంగు అంచనా మాత్రమే, బోరు నీళ్లు ఒకసారి ల్యాబుకు కూడా పంపించు, అంకె చేతికొస్తుంది. క్యాన్ నీళ్లు ఆరు నెలలకోసారి అదే అక్కతో పరీక్ష చేయించు. ప్లాంటు వాళ్లకు మెంబ్రేన్ మార్చాలని అప్పుడైనా గుర్తొస్తుంది.

ప్లాంటోడు

మా నీళ్లు కూడా తెమ్మనండి, నాకేం భయం లేదు. కిట్టు ఎక్కడ దొరుకుతుందో చెప్తే నేనే కొంటా.

కనిగిరి_కంది

ఈ ఒక్క మాట కోసం థ్రెడ్ మొత్తం చదివా. ప్లాంటోడన్నా, ఫలితం ఫొటో తీసి ఇక్కడ పెట్టాలి.

సీమ_సూరీడు

బర్రెలకు ఏ నీళ్లు పోయాలి? మా అత్తగారింట్లో బోరు నీళ్లే పోస్తారు. పాలల్లోకి వస్తుందా?

ల్యాబ్‌కోటు

పాలల్లోకి వచ్చేది చాలా తక్కువ, పాలకు భయం లేదు. పశువుల పళ్లు అరిగిపోతాయి, కాళ్లు బిగుసుకుంటాయి. కుదిరితే తొట్టిలో నల్లా నీళ్లే నింపమనండి.

బత్తాయితోట

మా ఊళ్లో బర్రెలకు ఎప్పటి నుంచో నల్లా నీళ్లే, మొదటి పోస్టులోనే చెప్పాను కదా. వాటికి టీడీఎస్ పెన్ను ఎవరూ చూపించలేదు.